అరకు రైలెక్కిన పోర్ట్‌ఫోలియో

మీరు డిజైన్ కోర్సు చేసి ఉంటే ఈ సీన్ మీకూ తెలిసే ఉంటుంది. మూడు నెలలు కూర్చుని పోర్ట్‌ఫోలియో తయారుచేస్తారు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో లింక్ పడేసి ‘గయ్స్, ఫీడ్‌బ్యాక్ ప్లీజ్’ అంటారు. ఐదు నిమిషాల్లో నిప్పు ఎమోజీలు, ‘కిరాక్’లు, ‘సూపర్ ఉంది బ్రో’లు కుప్పలుగా వచ్చి పడతాయి. ఇంతకీ లింక్ ఎంతమంది ఓపెన్ చేశారా అని చూస్తే, ఇద్దరు. అందులో ఒకరు మీరే.

పోర్ట్‌ఫోలియో అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. డిజైన్ ఉద్యోగానికి వెళ్తే మార్కుల లిస్టు కంటే ముందు అడిగేది దీన్నే. మీరు చేసిన పనులు, వాటిని ఎలా చేశారన్న కథ, అన్నీ ఒకచోట పెట్టిన వెబ్ పేజీయో పీడీఎఫ్ ఫైలో. అది బాగుంటే ఇంటర్వ్యూకి పిలుస్తారు. బాగోకపోతే ఎందుకు బాగోలేదో కూడా చెప్పరు. అసలు బాధంతా ఇక్కడే.

మనం చెప్పుకోబోయే అమ్మాయికి 23 ఏళ్లు. ఇంకా ఇంటర్వ్యూలకి వెళ్తోంది కాబట్టి పేరు రాయొద్దంది. సొంతూరు విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో ఉన్న శృంగవరపుకోట. హైదరాబాద్‌లో బి.డిజైన్ చదివింది. పోర్ట్‌ఫోలియోలో మూడు ప్రాజెక్టులు పెట్టింది: ఒక ఫుడ్ డెలివరీ యాప్‌కి కొత్త లుక్, ఒక ధ్యానం యాప్, ఒక బాలి ట్రిప్ ప్లానర్. నలభైకి పైగా చోట్ల అప్లై చేసింది. కొన్ని చోట్ల నుంచి మెషిన్ పంపినట్టుండే ‘సారీ’ మెయిల్ వచ్చింది, మిగతా చోట్ల నుంచి అదీ లేదు. చదువుకి తీసుకున్న లోన్ కిస్తీలు మొదలవ్వడానికి ఐదు నెలలే ఉన్నాయి. ‘ఈలోగా బ్యాంక్ కోచింగ్‌లో చేరిపోవచ్చు కదమ్మా’ అని నాన్న మెల్లగా అనడం మొదలెట్టారు. గట్టిగా అంటే గొడవపడొచ్చు. మెల్లగా అంటే ఏం చేస్తాం?

‘నువ్వు బాలి ఎప్పుడెళ్లావ్?’

కాలేజీలో తనకంటే ఐదేళ్లు సీనియర్ ఒకావిడ ఇప్పుడు బెంగళూరులో ప్రోడక్ట్ డిజైనర్. ఎప్పుడో ఒకసారి ఫెస్ట్‌లో మాట్లాడిన పరిచయం. ధైర్యం చేసి లింక్ పంపింది. రెండు రోజులకి వచ్చిన రిప్లై: ‘పర్మిషన్ అడుగుతోంది, ఓపెన్ అవ్వట్లేదు’. నవ్వకండి. ఈ తాళం తీయడం మర్చిపోయి ఎన్ని పోర్ట్‌ఫోలియోలు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయో! లింక్ పంపే ముందు ఒకసారి అమ్మ ఫోన్‌లోనో పక్కింటివాళ్ల ఫోన్‌లోనో తెరిచి చూడండి, అంతే.

తర్వాత ఇరవై నిమిషాల కాల్. సీనియర్ తన స్క్రీన్ షేర్ చేసి, చూస్తున్నంతసేపూ మనసులో అనుకున్నది పైకే చెప్పింది. ఫుడ్ డెలివరీ దగ్గర ఆగలేదు. ధ్యానం దగ్గరా ఆగలేదు. బాలి దగ్గర ఆగింది.

‘నువ్వు బాలి ఎప్పుడెళ్లావ్?’

‘వెళ్లలేదక్కా.’

‘మీ ఫ్రెండ్స్ ఎవరైనా వెళ్లారా?’

‘లేదక్కా.’

‘మరి యూజర్లు ఈ సమస్య ఎదుర్కొంటున్నారు అని రాశావ్. ఎవరా యూజర్లు?’

పేజీలో ‘రాహుల్, 28, ట్రావెల్ లవర్, కాఫీ అంటే ప్రాణం’ అని ఒక నవ్వు మొహం ఉంది. ఫ్రీగా ఫొటోలు దొరికే సైట్‌లోంచి తెచ్చిన రాహుల్. ఇటు నుంచి మాట లేదు. అప్పుడు సీనియర్ ఇంకో ప్రశ్న వేసింది: ‘సరే, నీ జీవితంలో నువ్వు ఎక్కువసార్లు ఎక్కిన బండి ఏది?’

కిరండూల్ పాసింజర్. చిన్నప్పటి నుంచీ అరకు దగ్గర పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లేది దాంట్లోనే. కానీ ‘అది ప్రాజెక్టు ఎలా అవుతుందక్కా, అందులో ఏముంది?’ అని అడిగిందట. ఏముందో చూద్దాం.

ఇనుప ఖనిజం కోసం వేసిన దారి

బైలడిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి చేర్చి, అక్కడి నుంచి జపాన్‌కి పంపడం కోసం 1960ల్లో వేసిన లైను ఇది. కొత్తవలసలో మొదలై తూర్పు కనుమలెక్కి ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు వెళ్తుంది. శృంగవరపుకోట, బొడ్డవర దాటేదాకా పొలాలు. ఆ తర్వాత ఘాట్ మొదలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. 2017 ఏప్రిల్‌లో ఈ బండికి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ తగిలించాక టూరిస్టుల సందడి ఇంకా పెరిగింది.

అయితే అదే బండిలో కూరగాయల మూటలతో సంతకి వెళ్లేవాళ్లుంటారు. పనులకి, ఆస్పత్రికి, కాలేజీకి వెళ్లేవాళ్లుంటారు. ఒకే కిటికీ, ఒకే కొండ. ఒకరికి రీల్, ఇంకొకరికి రోజూ ఉండే దారి.

మన అమ్మాయి మొదటి ఐడియా మాత్రం మళ్లీ పాత దారిలోనే వెళ్లింది. ఫోన్‌ని కిటికీ వైపు పెడితే స్క్రీన్ మీద కొండల పేర్లు తేలుతూ కనిపించాలి, జలపాతం రాగానే సమాచారం గాల్లో ప్రత్యక్షమవ్వాలి. ఆగ్మెంటెడ్ రియాలిటీ అన్నమాట. వారం రోజుల్లో అందమైన స్క్రీన్లు తయారు. ఈసారి సీనియర్‌కి పంపే ముందు తనే టికెట్ తీసుకుని బండెక్కింది. మొదటి సొరంగంలోనే సిగ్నల్ పోయింది. ఇంటర్నెట్ లేదు, జీపీఎస్ లేదు. బయటికొచ్చి ఫోన్ తేరుకునేలోపు రెండో సొరంగం. పైగా ఫోన్‌ని కిటికీలోంచి బయటికి చాపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ స్క్రీన్లన్నీ పక్కన పడేసింది. పడేసిందంటే చెరిపెయ్యలేదు, దాచింది. అవి తర్వాత పనికొచ్చాయి.

ఇలా సిగ్నల్ లేనిచోట పనిచెయ్యడం అనేది చిన్న విషయం కాదు. మనలో చాలామంది ఫోన్లలో ఉండే ‘వేర్ ఈజ్ మై ట్రైన్’నే చూడండి. బెంగళూరులోని సిగ్‌మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న టీమ్ చేసింది. జీపీఎస్, ఇంటర్నెట్ లేకపోయినా సెల్ టవర్ల సమాచారంతో బండి ఎక్కడుందో పసిగట్టడం, టైమ్‌టేబుల్ ఫోన్‌లోనే దాచిపెట్టుకోవడం, ఇవే దాని బలం. 2018 చివర్లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. ఆ యాప్ స్క్రీన్లు చూస్తే అవార్డు ఇవ్వాలని ఎవరికీ అనిపించదు. కానీ పల్లెటూరి స్టేషన్‌లో రాత్రి పదకొండింటికి బండి కోసం నిలబడ్డవాడిని అడగండి, ఏది మంచి డిజైనో చెప్తాడు.

కాగితం, స్కెచ్ పెన్ను, ఎదురు సీటు పెద్దావిడ

రెండో ప్రయాణానికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లలేదు. ఫోన్ సైజులో కత్తిరించిన కాగితాలు, స్కెచ్ పెన్నులు, అంతే. మొదటి రెండు గంటలు ఎవరికీ ఏమీ చూపించలేదు. ఊరికే విన్నది. టూరిస్టులు తిప్పి తిప్పి అడిగేవి మూడే ప్రశ్నలు: ఏ వైపు కూర్చుంటే బాగుంటుంది? వచ్చేది ఏ స్టేషన్? బొర్రాలో దిగాలా, అరకులో దిగాలా? రోజూ వెళ్లేవాళ్లు అడిగేది ఒక్కటే, బండి ఎంత లేటు. ఇక పిల్లలు ప్రశ్నలేమీ అడగరు. సొరంగాలు లెక్కపెడుతుంటారు. పది దాటేసరికి లెక్క తప్పుతుంది, ‘పదమూడు’, ‘కాదు పద్నాలుగు’ అని కొట్టుకుంటారు.

తన కాన్సెప్ట్ ఇక్కడ పుట్టింది. నిలువుగా సాగే ఒక పట్టీ లాంటి మ్యాప్. కింద విశాఖ, పైన అరకు. బండి ఎక్కే కొద్దీ మీ వేలు కూడా పైకి ఎక్కుతుంది. సొరంగాలు నల్లటి గీతలు, వంతెనలు తెల్లటి గీతలు. ఏ వైపు లోయ ఉంటే ఆ వైపు రంగు. కొత్తవలస వరకు పట్టీ చాలా పొట్టి, ఘాట్ దగ్గర మాత్రం పొడుగ్గా సాగదీసింది, ఎందుకంటే జనం కిటికీలోంచి చూసేది అక్కడే.

‘దూరాలు తప్పు కదా?’ అని క్లాస్‌మేట్ ఒకడు అన్నాడు. ఈ మాట లండన్‌లో 1931లోనే వినిపించింది. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ అక్కడి భూగర్భ రైళ్ల మ్యాప్‌ని సర్క్యూట్ బొమ్మలాగా నిటారు గీతలతో గీశాడు. కిక్కిరిసిన నగరం మధ్య భాగాన్ని పెద్దది చేసి, శివార్లని దగ్గరికి లాగేశాడు. నిజమైన దూరాలు లేవని ఆఫీసు మొదట వద్దంది. తర్వాత కొద్ది కాపీలు వేసి చూశారు, 1933లో లక్షల్లో అచ్చేశారు. భూమి లోపల వెళ్లేవాడికి ఎన్ని కిలోమీటర్లో అక్కర్లేదు, ఎక్కడ మారాలో తెలిస్తే చాలు. కానీ అన్నిచోట్లా ఇది చెల్లదు. 1972లో న్యూయార్క్ సబ్‌వే కోసం మాసిమో విన్యెల్లి ఇదే పద్ధతిలో గీసిన మ్యాప్‌లో సెంట్రల్ పార్క్ చతురస్రంగా, బూడిద రంగులో కనిపించేసరికి జనం తిట్టుకున్నారు. 1979లో దాన్ని తీసేశారు. స్టేషన్‌లోంచి బయటికి వచ్చి నడవాల్సినవాడికి పైన ఊరు ఎలా ఉందో తెలియాలి మరి. అరకు బండిలో కూర్చున్నవాళ్లలో ఈ రెండు రకాలవాళ్లూ ఉన్నారు. అందుకే బొర్రాగుహలు, అరకు స్టేషన్ల దగ్గర నొక్కితే మామూలు మ్యాప్ తెరుచుకునేలా పెట్టింది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎదురు సీట్లో మూటలతో కూర్చున్న పెద్దావిడకి కాగితం ఫోన్ చేతికిచ్చింది.

‘ఏటమ్మా ఇది? నొక్కితే ఏటవుద్ది?’

‘మీరు ఎక్కడ దిగాలో అది చూపిస్తుందమ్మా.’

‘నాకది సూపించాలేటి? పొడుగు సొరంగం దాటినాక మూటలు సర్దుకుంటాను. తర్వాత గేటుకాడ కూత ఏత్తాది. అప్పుడు లేత్తాను.’

ఈ ఒక్క జవాబు విలువ ఎంతో ఆలోచించండి. స్టేషన్ల పేర్లు, టైములు, కిలోమీటర్లు ఏవీ కాదు, ఆవిడకి గుర్తులు కావాలి. మనం ఎవరికైనా దారి చెప్పేటప్పుడూ అంతేగా, పెట్రోల్ బంక్ దాటాక రావిచెట్టు దగ్గర లెఫ్ట్ అంటాం, రెండొందల మీటర్లు ఉత్తరానికి పొమ్మనం. గూగుల్ మ్యాప్స్ కూడా 2009లో మన దేశంలో దారి చెప్పడానికి గుర్తుల్ని జోడించింది. మన అమ్మాయి పట్టీలోకి ఆరోజు ‘మూటలు సర్దుకునే సొరంగం’ చేరింది. టూరిస్టులకైతే అదే ‘బ్యాగులు దించుకోండి’.

అదే ప్రయాణంలో ఇంకో దెబ్బ కూడా తగిలింది. కాగితాల్లో ఒకటి ‘లోకల్ కల్చర్’ కార్డు. థింసా ఆడుతున్న ఆడవాళ్ల ఫొటో, కింద ‘గిరిజనుల్ని కలవండి’ అనే బటన్. డిగ్రీ చదివే అరకు కుర్రాడొకడు దాన్ని కాసేపు చూసి, ‘మా ఊరోళ్లు మీ యాప్‌లో బటనా అక్కా?’ అన్నాడు. కోపంగా కూడా అనలేదట. ఆ ఫొటోలో ఉన్నవాళ్లెవరో తనకి తెలియదు, ఇంటర్నెట్‌లో దొరికింది, పెట్టేసింది. ట్రావెల్ యాప్‌లలో ఇది ఎంత మామూలైపోయిందంటే మనకి తప్పని కూడా అనిపించదు. కొండ, కాఫీ, జలపాతం, పక్కనే మనుషులు, అందరూ ఒకే సైజు కార్డుల్లో. ఆ కార్డు తీసేసింది. దాని బదులు, ఒక్కో స్టేషన్ పేరుని ఆ ఊరివాళ్ల గొంతుతోనే రికార్డ్ చేద్దామని ఆ కుర్రాడే అన్నాడు. అడిగి, ఎందుకో చెప్పి, ఒప్పుకున్నవాళ్ల గొంతులే తీసుకుంది. స్టేషన్ వస్తుంటే అక్కడి మనిషి పలికిన పేరు వినిపిస్తుంది. ఇది సమస్యకి పూర్తి పరిష్కారమా అంటే కాదు, కానీ బటన్ కంటే నయం.

వట్రసుడి తెగిన శృంగవరపుకోట

కాగితం మీద ఏడుగురికి చూపించింది. ఏడుగురేనా అంటారేమో. యూజబిలిటీ రంగంలో పెద్ద పేరున్న జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, ఐదుగురితో పరీక్షిస్తే సమస్యల్లో ఎక్కువ భాగం బయటపడతాయని. ఐదువందల మందికి గూగుల్ ఫామ్ పంపడం కంటే ఐదుగురి పక్కన కూర్చోవడం కష్టం. అందుకే చాలామంది ఫామ్ పంపుతారు.

తర్వాత కోడింగ్ వచ్చిన ఫ్రెండ్ సాయంతో, ఒకసారి తెరిస్తే నెట్ లేకపోయినా పనిచేసే చిన్న వెబ్ పేజీ చేసింది. ఫోన్‌లో తెరిచేసరికి కొత్త తలనొప్పి. ‘శృంగవరపుకోట’లో వట్రసుడి బటన్ అంచు దగ్గర తెగిపోయింది. ‘చిమిడిపల్లి’లో లావొత్తు సగమే కనిపిస్తోంది. కారణం సింపుల్, మనం వాడే రెడీమేడ్ డిజైన్ కిట్‌లు ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుని బట్టి కొలిచినవి. తెలుగు అక్షరానికి పైన గుడి కావాలి, కింద వొత్తుకి చోటు కావాలి. లైన్ల మధ్య దూరం పెంచింది, బటన్ల ఎత్తు పెంచింది. తెలుగులో యాప్ డిజైన్ చేసే ఎవరైనా ముందు వొత్తులున్న పేర్లతో చూసుకుంటే సగం పని తగ్గుతుంది. ‘అరకు’ అని టైప్ చేసి అంతా బాగుందనుకుంటే మోసపోతాం.

మూడో ప్రయాణంలో సొరంగాల లెక్క బోల్తా కొట్టింది. చిన్న సొరంగాలు కొన్ని సెకన్లలో దాటిపోతాయి, ఫోన్‌కి తెలియనే తెలియదు. అరకు చేరేసరికి లెక్క చాలా వెనకబడింది. ఫ్రెండ్ సెన్సార్లు, ఫార్ములాలు అంటుంటే, తను మాత్రం పిల్లల్ని గుర్తు చేసుకుంది. స్క్రీన్ కింద ఒక పెద్ద బటన్ పెట్టింది: ‘సొరంగం!’ చీకటి పడగానే పిల్లలే నొక్కుతారు. ఫోన్ ఒక అంకె అనుకుంటుంది, పిల్లలు ఒక అంకె చెప్తారు, తేడా వస్తే పిల్లల మాటే గెలుస్తుంది. ఇంటరాక్టివ్ అనే మాటని పోర్ట్‌ఫోలియోల్లో వెయ్యిసార్లు చూసుంటాం. ఇలా అర్థమయ్యేలా చూసింది తక్కువ.

ఫీడ్‌బ్యాక్ అడగడం కూడా పనే

ఇక పేజీ రాయాలి. మొదటి డ్రాఫ్ట్ చూసి సీనియర్ అన్న మాట, ‘రైలు ఎనిమిదో స్క్రోల్‌కి వచ్చింది, నేను నాలుగో దానికే వెళ్లిపోయేదాన్ని’. నిజమే, ముందంతా ‘డిజైన్ థింకింగ్’ ఐదు గుండ్రాల బొమ్మ, స్టిక్కీ నోట్ల ఫొటోలు. వాటిని తీసేసి, పెద్దావిడ చెప్పిన మూటల మాటని మొదటి స్క్రీన్‌లో పెట్టింది. ఏడీపీలిస్ట్ లాంటి చోట్ల ప్రపంచవ్యాప్తంగా డిజైనర్లు ఉచితంగా అరగంట మాట్లాడతారు. అక్కడ ఇంకొకరిని పట్టుకుంది. ఈసారి ‘ఎలా ఉంది?’ అని అడగలేదు.

ఎందుకంటే ‘ఎలా ఉంది?’ అనేది పెళ్లి భోజనం దగ్గర అడిగే ప్రశ్న. ‘బాగుంది’ తప్ప ఏ జవాబిచ్చినా మర్యాదగా ఉండదు. మొదటి అరనిమిషంలో ఇది దేని గురించి అనిపించింది, ఎక్కడ చదవడం ఆపేశారు, ఏ మాట నమ్మబుద్ధి కాలేదు, ఇలా అడిగితే అవతలివాళ్లకి నిజం చెప్పడానికి దారి దొరుకుతుంది. ఒక ప్రాజెక్టే పంపండి. వాళ్లు చూస్తున్నప్పుడు పక్కనుంచి వివరించొద్దు, ఇంటర్వ్యూ చేసేవాళ్ల పక్కన మీరు ఉండరు కదా. డిజైన్ తెలియనివాళ్లనీ ఒకరిని అడగండి. తర్వాత ఏం మార్చారో వాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి. ఇదొక్కటి చేసేవాళ్లు చాలా తక్కువ, అందుకే చేసినవాళ్లు గుర్తుండిపోతారు. చెప్పినవన్నీ మార్చెయ్యాలని కూడా లేదు. హోటల్ బుకింగ్ కూడా కలపమని ఆ రెండో డిజైనర్ సలహా ఇచ్చాడు. ఈ బండిలో తను చూసినవాళ్లలో ఎవరూ దారిలో హోటల్ వెతకలేదు కాబట్టి కలపలేదు. ఆ కారణం కూడా పేజీలోనే రాసింది.

బాలి పోయింది. ధ్యానం కూడా పోయింది. ఫుడ్ డెలివరీ ఒక్కటి చిన్నగా చివర్లో ఉంది. కొత్త పోర్ట్‌ఫోలియోతో పన్నెండు చోట్ల అప్లై చేస్తే మూడు చోట్ల నుంచి కాల్ వచ్చింది. ఒకరు ‘స్క్రీన్లు ఇంకా పాలిష్ కావాలి’ అని వద్దన్నారు, అది కూడా నిజమే అంటుంది తను. ఇంకో స్టూడియోలో అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇందులో ఏం తీసేశావ్?’ దాచిపెట్టిన ఆ ఆగ్మెంటెడ్ రియాలిటీ స్క్రీన్లు తెరిచి పావుగంట మాట్లాడింది. అక్కడ రెండో రౌండ్ వచ్చే వారం. బ్యాంక్ కోచింగ్ ఫామ్ ఇంకా టీవీ పక్కనే ఉంది. నాన్న దాన్ని నింపమని అనట్లేదు, తీసెయ్యనూ లేదు.

ఈలోగా ఇంకో పని మిగిలింది. అరకు దాటాక కొద్ది దూరంలోనే లైను ఒడిశాలోకి వెళ్తుంది. అక్కడి స్టేషన్ల పేర్లు ఒడియాలో పలికే గొంతులు తన దగ్గర లేవు. ఆదివారం కోరాపుట్ వరకు టికెట్ తీసుకుంది. సొరంగాల లెక్క చూసుకోవడానికి పెద్దమ్మ మనవరాలిని కూడా తీసుకెళ్తోందట.